కిష్టమ్మ కాపాడిన లైబ్రరీ

కిష్టమ్మకు వాన అంటే భయం. ఉరుముకు భయపడే మనిషి కాదు, నీళ్ళకు అంతకన్న కాదు. ఆమె అయ్య ఊరి నీరడి. కుంట తూము ఎప్పుడు తియ్యాలె, ఎప్పుడు ముయ్యాలె, ఏ పొలానికి ఎంత పారాలె అన్నదంత ఆయన చేతిల ఉండె. అసొంటోని బిడ్డకు నీళ్ళ భయమేంది? ఆమె భయమంత ఒక్కటే. బడి లైబ్రరీల పుస్తకాలు ఇంకొక్కసారి తడిస్తే ఆమె పని పోతది. పని పోతే, పక్షవాతంతోటి మంచంల వడ్డ మొగడు ఎల్లయ్యకు గోలీలు గూడ రావు.

ఆ బడి నల్లగండ్లకు కిందివైపు ఉంటది. కాయితాల మీద దాని పేరు పెద్దగనే ఉన్నది గని అందరు కుంటకింది బడి అనే అంటరు. ఇప్పుడు కుంట ఏడున్నదని మాత్రం అడగకుండ్రి. కుంటను పూడ్చి కార్లు నిలవెట్టుకునే జాగ చేసిన్రు, దాని పక్కపొంటి అద్దాల బిల్డింగులు లేపిన్రు. గట్టి వాన వడ్డదంటే ఆ బిల్డింగుల సెల్లార్లలకు నీళ్ళు దిగుతయి. వాళ్ళేం జేస్తరు, మోటర్లు పెట్టి తోడి రోడ్డు మీదికి ఇడుస్తరు. రోడ్డు మీది నీళ్ళు పల్లానికే వోతయి గద. పల్లంల ఉన్నది బడి. లక్షల జీతాలు తీసుకునే ఇంజనీర్లు ఇంతమంది ఉన్న జాగల ఈ చిన్న లెక్క ఒక్కనికి తట్టలేదంటే నేను నమ్మ. తట్టింది, తట్టినా ఊకున్నరు.

కిష్టమ్మ ఆ బడిల ఆయమ్మ. ఏడో తరగతి దాక ఆ బడిల్నే సదివింది. గవర్నమెంటు బళ్ళల్ల లైబ్రరీకని వేరే మనిషి ఉండడు. ఇరువై ఏండ్ల కింద ఒక హెడ్మాస్టరు తాళంచెవి ఆమె చేతిల వెట్టి, జర ఊడ్చి ఉంచమన్నడు. ఊడ్సుకుంట ఊడ్సుకుంట ఆమె అట్టలూడిన పుస్తకాలకు మైదా ఉడకవెట్టి అతికించుడు మొదలువెట్టింది. ఆనక, చిన్నప్పటి సదువు మర్సిపోయి ఉండె గన్క, ఒక్కొక్క అక్షరం కూడవలుక్కుంట వాటిని సదువుడు మొదలువెట్టింది. సదివినంక పిల్లలకు ఇచ్చుడు షురూ చేసింది. ఏ పిల్లకు ఏ పుస్తకం నప్పుతదో మొఖం చూసి చెప్పేది. ఇంత చేసినా ఆమెది ఔట్‌సోర్సింగ్ పనే. ఏటేటా కొత్తగ పేరు రాసుకుంటరు, రాసుకోకపోతే ఇంటికే.

కరోనా వచ్చిన ఏడు అక్టోబర్‌ల హైదరాబాదు మునిగిన సంగతి అందరికి ఎరుకే. అప్పుడు బడి బందున్నది. నీళ్ళు దిగినంక మూడోనాడు కిష్టమ్మ తలుపు తీస్తే, కింది అరలల్ల ఉన్న ఆరువందల పుస్తకాలు బురదల ఉబ్బి అతుక్కపోయి ఉన్నయి. మిద్దె మీద ఆరవెట్టింది, ఒక్కొక్క పేజీ విడదీసింది. లాభం లేకపాయె. పైఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన పెద్దసారు ముక్కుకు రుమాలు అడ్డం వెట్టుకోని, దీనికి బాధ్యులెవరని అడిగిండు. వాన అని ఎవ్వరనలే. అందరి కండ్లు కిష్టమ్మ బొడ్లె ఉన్న తాళంచెవి దిక్కు వోయినయి.

"ఇంకోసారి ఇట్లయితే ఈ రూముల మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు వేసుకోండి" అన్నడు పెద్దసారు. "లైబ్రరీ వద్దు, లైబ్రరీకి ఆయమ్మ వద్దు."

ఆ మాట కాయితం మీద గూడ రాయించి పోయిండు. ఐదేండ్లాయె. వానకాలం వచ్చిందంటే కిష్టమ్మకు బుక్కెడు బువ్వ సక్కగ దిగదు.

ఐదేండ్లకు, బళ్ళు తెరిచిన జూన్‌ల, పైఆఫీసు నుంచి ఒక హుకుం వచ్చింది. వానలు, వరదలు వస్తే బడిల ఏ రూమును ఎట్ల కాపాడుకుంటరో ప్లాను రాయాలె, చేసిన పనికి ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల పెట్టాలె. అప్పటికి హెడ్మాస్టరు చలపతిరావు సారు. కృష్ణా జిల్లా మనిషి, ముప్పై ఏండ్ల కింద నౌకరీకని వచ్చి నిజాంపేటల ఇల్లు కట్టుకున్నడు. పిల్లల మీద చెయ్యెత్తి ఎరుగడు, పెద్దల ముంగట నోరెత్తి ఎరుగడు.

"కిష్టమ్మా, లైబ్రరీ సంగతి నువ్వే చూసుకోవాలమ్మా. ఫోటోలు మాత్రం శుభ్రంగా రావాలి" అన్నడు.

"సార్, పుస్తకాలను మీది అంతస్తుకు మారుద్దాం సార్. నీళ్ళు ఈ రూముకే వస్తయి. మా అయ్య ఉన్నప్పుడు కాలువ ఇటునుంచే పారేది."

"అదెలా కుదురుతుందమ్మా? ఆ గదికి ఒక కంపెనీ వాళ్ళు విరాళంగా రంగులేయించి, ర్యాకులు కొనిచ్చారు. వాళ్ళ పేరు గల బోర్డు ఆ గుమ్మం మీదే ఉంది. రేపు వాళ్ళొచ్చి చూస్తే ఏమని చెప్పమంటావు?"

ఇగ అయిపాయె. బోర్డు కదలదు గన్క పుస్తకాలు గూడ కదలొద్దు. కిష్టమ్మ కొంగు నడుముకు చెక్కి, ఉన్న రూమునే కాపాడుకునే పనిల వడ్డది.

పన్నెండు ఇనుప ర్యాకులు ఉన్నయి. ఒక్కొక్క దాని నాలుగు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు వెట్టి లేపింది. రోడ్ల పొంటి చింపి పారేసిన ఫ్లెక్సీలు ఏరుకొచ్చి, కడిగి, ఒక్కో ర్యాకుకు కొలిచి కుట్టింది. లీడర్ల మొఖాలు లోపలివైపు, తెల్లటిది బయటివైపు. గుమ్మానికి ఇసుక సంచులు కట్టింది. ఇవన్ని చేసినంక గూడ ఆమెకు మనసున వట్టలే. ఐదేండ్ల కింద మునిగినయి కింది రెండు అరలు. వాన వచ్చినప్పుడు ఆ రెండు అరలను ఖాళీ చేసి, పుస్తకాలన్ని ర్యాకు నెత్తి మీదికి ఎక్కించాలె. ఆమె ఒక్కతితోని అయ్యే పనా?

అందుకని పిల్లలకు నేర్పింది. ఏడో తరగతిల ఇరువై నాలుగు మంది. ర్యాకుకు ఇద్దరు. ఎవరి ర్యాకు మీద వాళ్ళ పేర్లు రాసి చీటీలు అతికించింది. ఆమె ఈల ఊదంగనే ఒకరు కింద కూసోని పుస్తకాలు అందియ్యాలె, ఒకరు స్టూలెక్కి మీద పేర్చాలె, ఫ్లెక్సీ కప్పి తాడు ముడెయ్యాలె. మొదటిసారి పద్నాలుగు నిమిషాలు వట్టింది. పిల్లలు తోసుకున్నరు, ఒకరి కాళ్ళ మీద ఒకరు పుస్తకాలు పడేసుకున్నరు, పడి పడి నవ్విన్రు.

"ఎందుకు ఆయమ్మా గింత జల్ది?" అని ఎవరో అడిగిన్రు.

"పుస్తకాలు తడిస్తే నన్ను ఇంటికి పంపుతరు బిడ్డా" అన్నది కిష్టమ్మ, నవ్వులాటకు అన్నట్టే.

పిల్లలు నవ్వలే. వాళ్ళు ఆమె చేతుల మీద కథలు సదువుకున్న పిల్లలు. ఆ రోజు నుంచి ఎవ్వరు తోసుకోలే. నెల తిరిగేసరికి నాలుగు నిమిషాలల్ల పని అయిపోతుండె.

ఏడో నంబరు ర్యాకు రసజ్ఞది, భానుశ్రీది. రసజ్ఞ పన్నెండేండ్ల పిల్ల, ఈడుకు తగ్గ ఎత్తు లేదు. స్టూలెక్కినా మునివేళ్ళ మీద నిలవడితెనే ర్యాకు నెత్తి అందేది. తల్లి రేణుక అద్దాల బిల్డింగుల ఊడ్చి తుడిచే పని చేస్తది. తండ్రి లేడు. ఆ పేరు పెట్టింది గూడ పుట్టిన దవాఖానల సిస్టరమ్మ. తల్లికి నోరు తిరగక రస్సూ అని పిలుస్తది. ఆ పిల్ల మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఇచ్చిన పుస్తకం తెల్లారే సదివి తెచ్చేది. కిష్టమ్మకు ఆ పిల్ల మీద జర ఎక్కువ పాయిరమే ఉండె.

చలపతిరావు సారు వీడియో తీసి గ్రూపుల పెట్టిండు. బొటనవేళ్ళ బొమ్మలు వరుస కట్టినయి. పైఆఫీసోళ్ళు వచ్చి, నిలవడి చూసి, అన్ని బళ్ళు ఈ బడిని చూసి నేర్చుకోవాలన్నరు. ప్లాను కాయితంల పిల్లల తరలింపు అని ఒక గడి ఉండె. సారు దాంట్ల 'మొదటి అంతస్తుకు' అని రాసిండు. అంతే, రెండు ముక్కలు. పుస్తకాలను మీదికెక్కించుడు పదకొండుసార్లు నేర్పిన్రు, పిల్లలను మెట్లెక్కించుడు ఒక్కసారి గూడ నేర్పలే. దానికి ఫోటో ఏం బాగుంటది? మెట్లెక్కుడు గూడ నేర్పాల్నా అనుకున్నరు అందరు. కిష్టమ్మ గూడ అట్లనే అనుకున్నది, అబద్ధమెందుకు.

సెప్టెంబర్‌ల ఒక గురువారం. పగటిపూట రెండింటికే లైట్లు వేసుకునేటంత మబ్బు వట్టింది. అరగంట వాన కొట్టిందో లేదో గేటు ముంగట రోడ్డు కనవడుడు బందయింది. మీద బిల్డింగులోళ్ళు మోటర్లు షురూ చేసినట్టున్నరు, నల్లటి నీళ్ళు పొర్లుకుంట వచ్చి గేటు కింద నుంచి లోపలికి జొచ్చినయి.

కిష్టమ్మ ఈల ఊదింది. ఏడో తరగతి పిల్లలు ఉరికొచ్చిన్రు. ఆ పొద్దు భానుశ్రీ జ్వరంతోటి బడికి రాలే. ఏడో ర్యాకు కాడ రసజ్ఞ ఒక్కతే కింద వంగుతున్నది, స్టూలెక్కుతున్నది, మళ్ళ దిగుతున్నది. కిష్టమ్మ గుమ్మం కాడ ఇసుక సంచులు జరుపుతున్నది, అటు చూడలే. నీళ్ళు పాదం మునిగేటంత అయినయి.

"అందరూ పైకి రండి, పైకి" అని చలపతిరావు సారు మెట్ల మీద నుంచి కేకేసిండు. "కిష్టమ్మా, ఆరో తరగతి పిల్లలు భయపడుతున్నారు, నువ్వు ముందు ఇటు రా."

కిష్టమ్మ పిల్లలందర్ని బయటికి తోలింది, రసజ్ఞను గూడ తోలింది. "ఆయమ్మా, నాది ఒక్క అర మిగిలింది" అన్నది ఆ పిల్ల.

కిష్టమ్మ ఆ అర దిక్కు చూసింది. నీళ్ళు ఇంక అంతదాక రాలే. "ముందుగాల మీదికి నడువు" అన్నది. పుస్తకాలు పోతె పోనియ్యి అనలే. ఆ మాట ఆమె నోటికి రాలే. ముందుగాల నడువు అన్నది, అంతే. ఆ పిల్లకు అది తర్వాత సంగతి తర్వాత చూద్దాం అన్నట్టు వినవడ్డదో ఏమో.

మీద వరండాల పిల్లలు కిక్కిరిసి నిలవడ్డరు. ఏడుపులు, కేకలు. కిష్టమ్మ చిన్న పిల్లలను ఒక్కొక్కరిని రెక్క వట్టుకోని ఎక్కిస్తున్నది. పావుగంట గడిచింది. ఆ సందుల రసజ్ఞ పక్క పిల్లతోటి "ఇప్పుడే వస్త" అని, అటు చివర మెట్ల నుంచి దిగిపోయింది. ఒక్క అరే గద మిగిలింది, రెండు నిమిషాల పని.

బడి వెనక ఖాళీ జాగల కొత్త బిల్డింగుకు పునాది తీసిన పెద్ద గుంత ఉన్నది. అది నిండి పొర్లి, వెనక గోడను ఒక్క తోపు తోసింది. గోడ కూలిన సప్పుడుకు బడంత అదిరింది. నీళ్ళు లైబ్రరీ వెనక కిటికీలకెల్లి రూములకు దూకినయి.

కిష్టమ్మకు రసజ్ఞ యాదికొచ్చింది. ఎట్ల యాదికొచ్చిందో ఆమెకే తెల్వదు. వరండా అంత కలెదిరిగింది, పేరు పెట్టి పిలిచింది, జవాబు లేదు. మెట్లు దిగేసరికి నీళ్ళు నడుము దాక వచ్చినయి. లైబ్రరీ తలుపు తోస్తే కదలలే. ఇద్దరు సార్లు వచ్చి భుజాలతోటి తోస్తే తెరుచుకున్నది.

పదకొండు ర్యాకులు నిలవడే ఉన్నయి. వెనక కిటికీకి దగ్గర ఉన్న ఏడోది బోర్ల వడ్డది. ర్యాకు కింద ఇటుకలు, నెత్తి మీద బరువంత పుస్తకాలు, కింద అంత ఖాళీ. ఇగ నీళ్ళు ఒక్కసారి ఒచ్చి కొడితే అది ఆగుతదా? గోడకు ఒక్క మొల కొట్టి కట్టేయాలన్న తెలివి ఇంతమందిల ఒక్కలకు రాలే. అప్పటికి చేతులు కాలినయి, ఇగ ఆకులెందుకు. రసజ్ఞ ఆ ర్యాకు కింద ఉన్నది.

ముగ్గురు లేపితే లేచింది ర్యాకు. కిష్టమ్మ పిల్లను ఎత్తుకోని మెట్లెక్కింది. అంబులెన్సు గచ్చిబౌలి దిక్కు నుంచి రావాలె, రోడ్లన్ని చెరువులై ఉన్నయి. అది వచ్చేసరికి చీకటయింది. వచ్చినా చేసేదేం లేకుండె.

మూడోనాడు విచారణకు పైఆఫీసోళ్ళు వచ్చిన్రు. అంతకు ముందుగాల చలపతిరావు సారు కిష్టమ్మను తన రూములకు పిలిచి తలుపు దగ్గరికేసిండు. ఆయన కండ్లు గూడ ఉబ్బి ఉన్నయి.

"పాప తన సంచి కోసం కిందికెళ్ళిందని చెబుదామమ్మా" అన్నడు. "పుస్తకాలెత్తే డ్రిల్లు సంగతి ఎత్తితే నిన్నూ నన్నూ ఇద్దర్నీ తీసేస్తారు. నా రిటైర్మెంటుకి ఏడు నెలలుంది. నీకు చూస్తే ఇంట్లో ఆయన అలా ఉన్నాడు. పోయిన పాప ఎలాగూ తిరిగి రాదు కదా."

కిష్టమ్మ విచారణల అడిగితే తల ఊపింది. సంచి కోసమేనా అంటే ఊపింది. నువ్వు పంపలేదు గద అంటే ఊపింది. వాళ్ళు లైబ్రరీ గూడ చూసిన్రు. పదకొండు ర్యాకుల మీద ఫ్లెక్సీలు కప్పినయి కప్పినట్టే ఉన్నయి, లోపల ఒక్క పుస్తకం తడవలే. ముందస్తు ఏర్పాట్ల వల్ల లైబ్రరీకి నష్టం తప్పిందని రిపోర్టుల రాసిన్రు. ఆమె పేరు ఇంకో ఏడాదికి రాసుకోమని గూడ రాసిన్రు. ఐదేండ్ల సంది ఏ భయంతోటి సగం సచ్చిందో ఆ భయం పోయింది. పని నిలవడ్డది.

ఇంటికొచ్చి కిష్టమ్మ ఎల్లయ్యకు బువ్వ తినిపించింది, తను ముద్ద ముట్టలే. నాలుగు రోజులు అట్లనే. ఎల్లయ్యకు మాట సరిగ రాదు, పడకల్నుంచే చెయ్యి తోటి ఏందని అడిగేటోడు. ఏం లేదనేది. లోపల మాత్రం ఒక్కటే తిరుగుతుండె. నేను నేర్పిన. చీటీ నేనే అతికించిన. సంచి అన్న మాటకు తల నేనే ఊపిన. ఆ తల ఊపిన సంగతి తలుచుకుంటే తన మీద తనకే ఉమ్మెయ్యబుద్ధి అయ్యేది.

పిల్ల పదకొండో రోజు దాటినంక, ఒకనాడు పొద్దుగాల్నే రేణుక ఇంటికి పోయింది. కిరాయికి ఉండే ఒక్క రూము. గోడ మీద మోకాలి ఎత్తుల బురద గీత ఇంక పోలేదు. రేణుక గడపల కూసోని బియ్యం ఏరుతున్నది. కిష్టమ్మను చూసి లేచి, పీట జరిపింది.

కిష్టమ్మ పీట మీద కూసోలే, నేల మీదనే కూలవడ్డది.

"రేణుకా, నీ బిడ్డ సంచి కోసం పోలే. అబద్ధం చెప్పిన. పుస్తకాలు ఎత్తుడు నేనే నేర్పిన. ఒక్క అర మిగిలిందని నాకు చెప్పింది, నేను ఇడిసిపెట్టమని చెప్పలే. ఒక్క మాట చెప్తె అయిపోయేది, చెప్పలే. నన్ను కొడ్తవో తిడ్తవో నీ ఇష్టం."

రేణుక చాట పక్కకు వెట్టింది.

"నాకు తెల్సు పెద్దమ్మా" అన్నది.

"నీకెట్ల తెల్సు?"

"దినాం ఇంట్ల గూడ చేసేది. గిన్నెలన్ని కింద పెట్టి సజ్జ మీదికి ఎక్కిస్తుండె. ఫోన్ల టైం చూడమని నా పానం తీస్తుండె. ఎందుకే ఈ ఆరాటం అని అడిగిన. పుస్తకాలు తడిస్తే ఆయమ్మను ఇంటికి పంపుతరమ్మా, తాతకు బాగలేదు, వాళ్ళెట్ల బతుకుతరు అన్నది." రేణుక కొంగుతోటి మొఖం తుడుచుకున్నది. "నేనే అన్న పెద్దమ్మా. మంచిగ చెయ్యి బిడ్డా, ఆమెకు మాట రానియ్యకు అని నేనే అన్న."

పిల్ల పోయింది పుస్తకాల కోసమని ఇన్నొద్దులు ఏడ్సింది. పుస్తకాల కోసం గూడ కాదు. తన కోసం.

"పని ఇడిసిపెడుతున్న" అన్నది ఆఖరికి. "ఇయ్యాల్నే పోయి సారుకు చెప్త. నేనా రూముల అడుగు పెట్టలేను బిడ్డా."

"సంచి కోసం పోలేదని చెప్పు. అందరికి చెప్పు" అన్నది రేణుక. గొంతుల కోపం లేదు, ఏమీ లేదు. "గని పని ఇడవకు. వాళ్ళంతట వాళ్ళు తీసేస్తె అది వేరు. నీ అంతట నువ్వు ఇడిసిపెట్టి ఇంట్ల కూసుంటే, నా బిడ్డ దేనికి పోయినట్టు? దినాం పో. అది ఏ పని పోవద్దని దిగిందో ఆ పని చెయ్యి."

"నాతోని కాదు రేణుకా."

"నాతోని అయితున్నదా? నేను పోతలేనా పనికి?"

కిష్టమ్మ లేచి బడికి నడిచింది. చలపతిరావు సారు అప్పుడే వచ్చి కుర్చీల కూసున్నడు. ఉన్నదున్నట్టు రాసుకోండ్రి సార్ అన్నది. ఈలతోటి మొదలువెట్టి తల ఊపిన కాడి దాక చెప్పింది. సారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల్ల మొఖం దాచుకున్నడు.

"రిపోర్టు వెళ్ళిపోయిందమ్మా" అన్నడు. "ఇంక మార్చరు."

బెల్లు కొట్టిన్రు. కిష్టమ్మ పోయి లైబ్రరీ తాళం తీసింది. ఇప్పటికి గూడ దినాం తీస్తనే ఉన్నది.